వెనక మనిషి

నవంబరు 17, సోమవారం

వినగడప దగ్గర లారీని పొలం గట్టుకి గుద్దేశాను. పెద్ద దెబ్బేం కాదు. వెనక లైటు పగిలింది, ఇనప అంచు ఒకచోట వంగింది. అయినా గుద్దాను. ఇన్నేళ్ళలో బండిని గట్టుకి ఆనించడమే తప్ప గుద్దింది లేదు.

మావయ్య వెనకనుంచి "రానీ... రానీ..." అంటూనే ఉన్నాడు. "హోల్డాన్" అన్నమాట దెబ్బ తగిలాక వచ్చింది.

దిగితే నా మీదే విరుచుకుపడ్డాడు. "క్లచ్చు అలా ధడేల్న వదిలితే దేవుడు కూడా ఆపలేడు!" ధడేల్న వదల్లేదు. చీమ నడిచినట్టు వస్తున్నాను. ఆ సంగతి నా కాలికి తెలుసు.

గట్టు పైన కోత మిషను మీద కూర్చున్న శ్రీను ఏదో అనబోయి ఊరుకున్నాడు. మిషను ఎంత నడుపుతాడో నోరూ అంతే నడుపుతాడు వాడు. అలాంటివాడు ఊరుకోవడమే నాకు నచ్చలేదు.

నవంబరు 18, మంగళవారం

మావయ్య మాట్లాడటం లేదు. అమ్మకి తమ్ముడు, పిల్లనిచ్చిన మావ, స్టీరింగు పట్టడం నేర్పిన గురువు — ఇన్ని హోదాలూ కలిపి ఒక్కసారే అలిగాడు.

వంగిన అంచు సుత్తితో నేనే కొట్టుకున్నాను.

నవంబరు 20, గురువారం

పొద్దుట్నుంచీ పొలం మారడమే సరిపోయింది. ఎక్కించు, దించు, ఎక్కించు. వానొస్తుందన్న భయంతో రైతులు ఫోన్ల మీద ఫోన్లు. ఓనరు సాంబయ్యగారు వాళ్ళందరి భయమూ మూటకట్టి నా నెత్తిన పెడుతున్నాడు.

రోడ్డు మీద బండి ఎవడైనా నడుపుతాడు. నా ఉద్యోగమంతా వెనక్కి రావడంలోనే ఉంది. చక్రాల బదులు చైన్లుండే కోత మిషను తారురోడ్డు మీద నడవకూడదు గనక పక్క తలుపుల్లేని ఈ బల్లపరుపు లారీ. మిషను ఎక్కాలంటే బండి వెనక అంచు గట్టుకి అతుక్కున్నట్టు ఆనాలి. జానెడు సందు మిగిలినా చైను అందులోకి దిగబడి మిషను ఒరుగుతుంది, పైనున్న శ్రీనుతో సహా.

మావయ్య ఎప్పుడూ కుడిపక్కన, అద్దంలో మనిషి మొత్తం కనపడేలా నిలబడేవాడు. తలకి ఎర్ర తువ్వాలు. ఈమధ్య గొంతే వినపడుతోంది. మనిషి రెండు అద్దాల్లోనూ లేడు.

"ఎక్కడున్నారు మావయ్యా? అద్దంలో కనపడట్లేదు."

"నా మొహం చూసి ఏం చేస్తావోయ్? మాట వినపడుతోందిగా."

నిజమే. రూలు అదే, పెట్టింది కూడా ఆయనే. బాడీ మీద రెండు చరుపులు చరిస్తే రమ్మని. ఒకటైతే ఆపమని. వెనక మనిషి ఉండగా డ్రైవరు దిగి చూసుకోకూడదు. దిగితే ఆ మనిషిని నమ్మనట్టు. కొత్తలో ఒకసారి దిగాను. ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తియ్యలేదాయన. మళ్ళీ దిగితే ఒట్టు.

సాయంత్రం బండి కడుగుతుంటే కనపడింది. వెనక అంచు పొడుగునా దుమ్ము పేరుకుని ఉంది. నడిమధ్యలో ఒకచోట మాత్రం నున్నగా, తుడిచినట్టు. అరచెయ్యి వెడల్పు.

నవంబరు 21, శుక్రవారం

ముసురు. పని లేదు. సాంబయ్యగారు మేఘాన్ని కూడా నేనే తెచ్చినట్టు మాట్లాడాడు.

మా ఆవిడ రూతు ఉపవాస ప్రార్థనకి వెళ్ళొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏంటే అంటే ఏం లేదంది. వంటింట్లోకి పోతూ అంది — "కట్టలన్నీ జారుడుగా ఉంటాయి బావా. నాన్నని కాస్త పక్కకి నిలబడమను."

ఇప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో దీనికేం తెలుసు? అడగాలనుకున్నాను. అడగలేదు.

నవంబరు 23, ఆదివారం

గుడిలో మావయ్య లేచి వాక్యం చదివాడు. ప్రతి నెలా ఒక ఆదివారం ఆయన వంతు. గొంతు ఖంగుమంది. అందరూ కళ్ళు మూసుకుని విన్నారు.

నేను పక్కనే ఉన్నాను. ఆయన తెరిచి పట్టుకున్న బైబిలు పేజీ వేరు. చదివింది వేరు. ఒక్క అక్షరం తప్పలేదు, ఒక్క అక్షరం ఆ పేజీలో లేదు.

"ఆమేన్" అని కూర్చుంటూ బల్ల అంచుని చేత్తో తడిమాడు. ఇంటికొచ్చాక కోడికూర. నాకు సయించలేదు.

నవంబరు 25, మంగళవారం

ఇవాళ శ్రీను నోరు విప్పాడు. విప్పకపోయినా బాగుండేది. కాదు, ఎప్పుడో విప్పాల్సింది వెధవ.

విస్సన్నపేట రోడ్డులో టీ కొట్టు. మావయ్య బండిలో కునుకు తీస్తున్నాడు.

"అన్నా, ఒకటి అడుగుతా, కోప్పడవుగా? మీ మావయ్యగారిది అదేం పద్ధతన్నా?"

"ఏ పద్ధతిరా?"

వాడు గ్లాసు కింద పెట్టి లేచి చేసి చూపించాడు. ఒక అరచెయ్యి బండి వెనక అంచు మీద. రెండో చెయ్యి వీపు వెనక్కి చాపి గాల్లో. అలా బండితో పాటు వెనక్కి అడుగులేస్తూ... రానీ... రానీ... వెనక చేతికి గట్టు మట్టి తగిలాక హోల్డాన్. అప్పుడు పక్కకి తప్పుకోవడం.

"మీ ఇంటి పద్ధతేమో అనుకున్నానన్నా. పైనుంచి చూడలేక కళ్ళు మూసుకుంటా. పెద్దాయన, మనమేం చెప్తాం?"

ఎన్నాళ్ళనుంచి అంటే మొన్న వర్షాకాలం ముందునుంచే అన్నాడు.

బండికీ గట్టుకీ మధ్యలో. నేను వెనక్కి వస్తున్న ప్రతిసారీ. నాకు భయమేసింది. టీ ఒలికి కాలి మీద పడితే గానీ గ్లాసు నా చేతిలో ఉందని తెలియలేదు.

ఇంకా సిగ్గుమాలిన సంగతి రాస్తాను. ఆ తర్వాత ఇంకో పొలం దగ్గర మళ్ళీ ఎక్కించాం. నేను రివర్సు వేశాను. తెలిసి వేశాను. దిగి "మావయ్యా, తప్పుకోండి" అనడానికి నోరు పెగల్లేదు. ఎంత మెల్లగా వచ్చానంటే ఇంజనే ఆగిపోయింది.

"ఏంటోయ్, నిద్రపోయావా?" — వెనకనుంచి నవ్వాడు.

ఆ నవ్వు వినపడింది గనక ఉన్నాడని తెలిసింది.

నవంబరు 26, బుధవారం

రూతుకి తెలుసు. అంతా తెలుసు.

పోయినేడాది చక్కెర వ్యాధికని చెప్పి మావయ్యని బెజవాడ తీసుకెళ్ళిందే, అది కంటికట. నీటికాసులు, గ్లకోమా అంటారట. కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమది మసక. శుక్లం అయితే తీసేయొచ్చు, ఇది పోయింది పోయినట్టే అన్నాడట డాక్టరు. వేసుకునే చుక్కలమందు ఉన్నదాన్ని కాపాడటానికే. వచ్చేటప్పుడు బస్సులో ప్రార్థన చేయించి మరీ మాట తీసుకున్నాడట కూతురి దగ్గర, నాకు చెప్పకూడదని.

డ్రైవింగు మానేసింది మోకాళ్ళ నొప్పులకని కదా! మోకాళ్ళకేం కాలేదు. గుండ్రాళ్ళలా ఉన్నాయి మోకాళ్ళు.

అరిచాను. "మీ నాన్న నా బండి కిందే పోతే నువ్వు నా మొహం ఎలా చూస్తావే?"

"పక్కనే నిలబడి గొంతు వేస్తున్నాడనుకున్నా బావా, చూపు ఆనదని ఇంకాస్త పక్కకి జరగమన్నా. మధ్యలో నిలబడతాడని నాకేం తెలుసు?"

"చెప్పొద్దూ నాకు?"

"చెప్తే ఇంట్లో కూర్చోబెడతావు. అమ్మ పోయాక ఇంట్లో కూర్చున్న ఆ కొన్నాళ్ళు ఎలా అయిపోయాడో చూశావుగా. బండి ఎక్కాకే మళ్ళీ అన్నం తిన్నాడు."

చూశాను. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని బండి తాళం గలగలలాడించి లేపింది నేనే. "వెనక చెప్పేవాళ్ళు లేక చస్తున్నా, రండి" అని బతిమాలి తీసుకెళ్ళింది కూడా నేనే.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఆ వెనక గొయ్యి దగ్గర నా మావయ్యే నిలబడి రానీ రానీ అంటున్నాడు.

నవంబరు 28, శుక్రవారం

దిగాను.

గంపలగూడెం పక్క పొలం. గట్టు ఇంకా దూరంగా ఉండగానే బండి ఆపి దిగి వెనక్కి నడిచాను. మావయ్య నిలబడి ఉన్నాడు. శ్రీను చూపించినట్టే. చెయ్యి అంచు మీద, రెండో చెయ్యి వీపు వెనక చాపి. నా చెప్పుల చప్పుడు విని చెయ్యి గబుక్కున దించేసుకున్నాడు.

"ఏం కావాలి?"

"ఏం లేదు మావయ్యా. టైరు చూద్దామని."

"చూశావా టైరు?"

"చూశాను."

"బాగుందా?"

అంతే. క్యారేజీ విప్పలేదు. నేను బతిమాలాను, శ్రీను బతిమాలాడు. "ఆకలి లేదురా" అని వాడితో అన్నాడు. నాతో కాదు. సాయంత్రం బండి ఎక్కకుండా షేరాటోలో తిరువూరు వచ్చేశాడు. నేను ఇంటికొచ్చేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. నా బండి మలుపు తిరుగుతుండగానే రూతుని కేకేశాడట, "మీ బావ వచ్చాడు, నీళ్ళు పెట్టు" అని.

చప్పుడుతోనే బతుకుతున్నాడు మావయ్య. కళ్ళతో కాదు.

డిసెంబరు 1, సోమవారం

బండికి కెమెరా పెట్టించాను. బస్టాండు దగ్గర కొట్టతను వచ్చి బిగించాడు. వెనక అంచుకి చొక్కా బొత్తామంత గాజు, స్టీరింగు పక్కన అరచేతంత తెర. రివర్సు వేస్తే వెలుగుతుంది. వెనక ఉన్నదంతా కనపడుతోంది — కోడి, బకెట్టు, రూతు ఆరేసిన బట్టలు. ప్రాణం లేచొచ్చింది.

ఇక మావయ్య ఎక్కడ నిలబడ్డా నాకు కనపడతాడు. ఆయనకి చెప్పక్కర్లేదు. ఆయన మర్యాద ఆయనకుంటుంది, నా కాలు నా అదుపులో ఉంటుంది. తెలివైనవాడినే అనుకున్నాను.

డిసెంబరు 2, మంగళవారం

ఒక్క పూట దాగలేదు.

పొద్దున్నే మొదటి లోడు. తెరలో మావయ్య పొట్ట, చొక్కా గుండీలు. తర్వాత చెయ్యి పెద్దదై తెరంతా నిండింది. ఆగింది. వేళ్ళు తడుముతున్నాయి. బిగించినవాడు సరిగ్గా నడిమధ్యన, ఆ నున్నటి చోటే బిగించాడు మరి. ఆ అంచు మీద కొత్త మేకు కొట్టినా తెలుస్తుంది ఆయన చేతికి.

"దానియేలూ, ఇదేంటిక్కడ?"

"లైటు మావయ్యా."

"లైటా."

అబద్ధం ఆడటం నాకు మొదట్నుంచీ చేతకాదు. ఆయనకి తెలుసు ఆ సంగతి.

డిసెంబరు 3, బుధవారం

రివర్సు వేస్తే తెర గోధుమరంగు. ఇంకేం లేదు.

మధ్యాహ్నం ఆయన కాలవలో మొహం కడుక్కుంటుంటే వెళ్ళి చూశాను. గాజు మీద బురద మెత్తి ఉంది. చక్రాలు ఎగజిమ్మిన బురద కాదు. బొటనవేలితో అద్దిన బురద, గీతలతో సహా.

తుడవలేదు. తుడిస్తే చూశానని తెలుస్తుంది. తుడవకపోతే... ఈ మనిషికీ నాకూ మధ్య ఏం జరుగుతోందో నాకే అంతుపట్టడం లేదు. కోపం వస్తోంది. నిజంగా కోపం వస్తోంది. నా చేత ఎందుకు ఈ పని చేయిస్తున్నాడు? గుద్దేది నేను. జైలుకి పోయేది నేను. రూతు మొహం జన్మంతా చూడాల్సింది నేను.

సాంబయ్యగారి ఫోను: "ఈమధ్య ఒక్కో లోడుకి అంతసేపేంటి?"

డిసెంబరు 4, గురువారం

క్రిస్మస్ స్టారు కట్టాం. మా వీధిలో అందరివీ వెలిగాయి, మాదే ఆలస్యం. ఏటా మావయ్యే కడతాడు. ఈసారి స్టూలు ఎక్కి చేతులు పైకెత్తి కొక్కెం కోసం వెతుక్కున్నాడు. చూరు పట్టుకుని, అక్కణ్ణుంచి జరుపుకుంటూ, దొరికాక తగిలించాడు. రూతు స్విచ్చి వేసింది.

స్టారు సరిగ్గా ఆయన మొహం ముందుంది. ఆ వెలుతురు గడ్డం మీద, బుగ్గల మీద పడుతోంది.

"ఏం రంగు కొన్నావోయ్?" అన్నాడు. మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా.

"ఎరుపు మావయ్యా."

"మంచిది. మీ అత్తకి ఎరుపంటే ఇష్టం."

దిగి గోడవారగా కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు అన్నాడు — "దీనంతటికీ నీకొక్కటే భయం కదా, నేను మధ్యలో పడతానని."

"అవును మావయ్యా."

"రేపట్నుంచి పక్కన నిలబడతా. నీ అద్దంలో, పాత చోటునే. నువ్వు ఆ కెమెరా తీసెయ్. తెర చూసి బండి నడిపేవాడికి వెనక మనిషెందుకు?"

ఒప్పుకున్నాను. వెళ్ళి తెర వైరు పీకేశాను. ఆయన పక్కకి వస్తే చాలు నాకు. ఇంకేం వద్దు. ఇన్నాళ్ళ తర్వాత ఇవాళ కడుపు నిండా తిన్నాను.

డిసెంబరు 5, శుక్రవారం

అక్షరాలు కుదరడం లేదు.

విస్సన్నపేట అవతల, కాలవ కట్ట. కోత అయిపోయింది, మిషను ఎక్కించాలి. శ్రీను ఇంకా చేలో ఆ మూల మిషను తిప్పుకుంటున్నాడు. నేను రివర్సు వేశాను. అద్దంలో మావయ్య! మాట నిలబెట్టుకున్నాడు. ఎర్ర తువ్వాలు, తెల్ల చొక్కా, చెయ్యి ఊపుతూ. ఎంత సంతోషించానో.

"రానీ... రానీ... ఎవరూ లేరు, రానీ..."

కొంచెం వచ్చాను. ఇంకొంచెం. అప్పుడు చూశాను. చెయ్యి కట్ట వైపు ఊపుతున్నాడు. మొహం మాత్రం చేను వైపుంది. చేలో శ్రీను మిషను చప్పుడు, ఇక్కడ నా బండి చప్పుడు. రెండింటి మధ్యా మొహం ఎటు పెట్టాలో తెలియక అటు పెట్టాడు. అటు తిరిగి "ఎవరూ లేరు" అంటున్నాడు.

బ్రేకు తొక్కేశాను. ఈసారి టైరు సాకు కూడా చెప్పలేదు. దిగి పరిగెత్తాను.

వెనక చక్రానికి మూరెడు దూరంలో అన్నం క్యారేజీ. మూత తీసి ఉంది. కలిపిన ముద్ద గిన్నెలోనే ఉంది. పక్కన పరిగ ఏరుకున్న వెన్నుల కట్ట, కొడవలి. కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకునే ఆడవాళ్ళు ఎండకి ఆగలేక బండి నీడన కూర్చుంటారు. ఎప్పుడూ కూర్చుంటారు. మావయ్యే వాళ్ళని "లెగండమ్మా లెగండి, బండొస్తంది" అని లేపేవాడు.

క్యారేజీ ఉంది. మనిషి లేదు.

బండి కిందకి వంగాను. ఒక చక్రం, ఇంకో చక్రం. చీర అంచు కనపడుతుందేమోనని చూస్తున్నాను. ప్రభువా అనడానికి కూడా నోట్లో తడి లేదు.

"ఏంటయ్యా, బండి కింద దేవులాడుతున్నావు?"

కట్ట మీదనుంచి దిగుతోంది, చేతిలో నీళ్ళ సీసాతో. పెద్దావిడ. పొలమారితే నీళ్ళకని లేచిందట. "నా వెన్నులు తొక్కకయ్యో, పొద్దుట్నుంచీ ఏరా" అని నన్నే తిట్టింది. తిట్టమ్మా, ఇంకా తిట్టు. ఆ తిట్లు వింటూ అక్కడే కూలబడ్డాను.

మావయ్య అంతా విన్నాడు. ఎక్కడ కూర్చుందో, ఎందుకు లేచిందో. మొహం మెల్లగా ఇటు తిప్పాడు. బాడీని తడుముకుంటూ వెనక్కి వచ్చి, అంచు దొరికాక, అరచేత్తో చరిచాడు.

ఒక్కటి.

బండి ఎప్పుడో ఆగి ఉంది. అయినా చరిచాడు. తర్వాత వెళ్ళి ముందు సీట్లో కూర్చుని మళ్ళీ దిగలేదు.

డిసెంబరు 6, శనివారం

మావయ్య రాలేదు. "ఒంట్లో బాలేదు" అన్నాడు, గోడవైపు తిరిగి.

కెమెరా వైరు మళ్ళీ తగిలించాను. శ్రీను వెనక నిలబడి చెప్పాడు. వాడికి రానీ అనడమే రాదు, "కమాన్ కమాన్" అంటాడు. అయినా పని అయింది. ఎవరికీ ఏం కాలేదు. రోజంతా పక్క సీట్లో ఎర్ర తువ్వాలు ఒక్కటే ఉంది, నిన్న వదిలేసింది.

డిసెంబరు 7, ఆదివారం

గుడికి కూడా రాలేదు. అన్నం పళ్ళెం రూతు ఎలా పెట్టిందో అలాగే తీసింది. పక్కన కూర్చుని పిలిచాను.

"మావయ్యా."

"ఆవిడ లేవకపోతే?" అన్నాడు.

"లేచిందిగా మావయ్యా."

"నీళ్ళ కోసం లేచింది. నా మాటకి కాదు."

నిజం అదే. నా చెయ్యి వెతికి పట్టుకుని "రేపట్నుంచి వాణ్ణే పెట్టుకో. నేను రాను" అన్నాడు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, చాలాసేపు, అంచుని పట్టుకున్నట్టు.

రూతు వంటింట్లో ఏడ్చింది. నేను ఏడవలేదు. లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నాను కూడా. అనుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

డిసెంబరు 8, సోమవారం

ఇది బండిలోనే రాస్తున్నాను. ఇంజను ఆన్‌లోనే ఉంది.

పొద్దున్నే లేచి మావయ్య గదిలోకి తొంగి చూశాను, దుప్పటి ముసుగు. కెమెరా గాజు నేనే నా చొక్కాతో తుడిచాను. రూతు పాల కోసం వెళ్ళింది. ఇంటి పక్క జాగాలోంచి వీధిలోకి బండి వెనక్కి తియ్యాలి, రోజూ తీసేదే. ఎక్కి తాళం తిప్పాను. రివర్సు వేశాను.

బాడీ మీద రెండు చరుపులు.

గట్టిగా, స్పష్టంగా, పాత రోజుల్లో చరిచినట్టు. రమ్మని.

కుడి అద్దంలో గోడ. ఎడమ అద్దంలో మా స్టారు, పగటి వెలుతుర్లో వెలవెలబోయి. మనిషి లేడు. తెర నల్లగా ఉంది. బురద కాదు. వేళ్ళ సందుల్లో ఎర్రగా ఎండ. అరచెయ్యి.

"మావయ్యా!" అని అరిచాను. పలకలేదు. ఇంకోసారి అరిచాను. గొంతు వెయ్యడం లేదు ఇవాళ. రానీ అనడం లేదు, హోల్డాన్ అనడం లేదు. చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

దిగాలి. దిగి చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాలి. ఒక్క నిమిషం పని. దిగితే ఆ మొహం చూడాలి, పని కోసం నిలబడ్డాడో చావడానికి నిలబడ్డాడో తెలిసిపోతుంది. దిగకుండా ఇక్కడ కూర్చుని రాసుకుంటున్నాను, పిరికివాణ్ణి.

మళ్ళీ రెండు చరుపులు.

కాలు బ్రేకు మీదే ఉంది.